మాయలో రక్తం ఎంత పారుతోందో ఎమ్మారైతో కొలుస్తారట. వెళ్లమంటారా?

విభాగం: గర్భం, కాన్పు, బాలింత కబుర్లు

చిత్రావతి (రాత్రి 9:14)
అందరికీ నమస్తే. ఇంగ్లండ్‌లో ఉంటున్నాం. నాకిప్పుడు 27వ వారం. మొదటి బాబు 36 వారాలకే పుట్టాడు, బరువు 1.9 కిలోలు. బీపీ ఎక్కువైందని ఆపరేషన్ చేసి తీశారు. అందుకని ఈసారి మూడో నెల నుంచే ఆస్పిరిన్ ఇస్తున్నారు. పోయిన వారం డాప్లర్ స్కాన్ (రక్తం పారే తీరు చూసే అల్ట్రాసౌండ్) చేసి అంతా మామూలుగానే ఉందన్నారు.

నిన్న ఇక్కడి యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చింది. గర్భిణుల్లో మాయకి (ప్లాసెంటాకి) రక్తం ఎంత అందుతోందో ఎమ్మారైతో కొలుస్తున్నారట, ఇష్టమైతే రమ్మన్నారు. సుమారు గంట పడుతుందట. ఇంజెక్షన్ ఏమీ లేదట. దారి ఖర్చులు ఇస్తారట.

డాప్లర్ బాగుందన్నాక మళ్లీ ఇదెందుకు? అందులో కనపడనిది ఇందులో ఏం కనపడుతుంది? అమ్మకి ఫోన్‌లో చెప్తే "కడుపుతో ఉన్నదాన్ని గొట్టంలోకి తోస్తారా" అని ఒకటే గొడవ. నాకూ టెన్షన్‌గానే ఉంది. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

ఫిల్మ్‌రూమ్ (రాత్రి 9:40)
అక్కా, హైదరాబాద్‌లో ఎమ్మారై టెక్నీషియన్‌ని. పదకొండేళ్ల సర్వీసు. ముందు అమ్మగారికి ఈ ఒక్క మాట చెప్పండి, ఇది ఎక్స్‌రే కాదు. సీటీ స్కాన్‌లో ఉండే రేడియేషన్ ఇందులో లేదు. అయస్కాంతం, రేడియో తరంగాలు, చెవులు చిల్లులు పడే చప్పుడు, అంతే.

మా దగ్గరికీ గర్భిణులు వస్తారు. ఎక్కువమంది పాత సిజేరియన్ కుట్టు మీద మాయ అతుక్కుందేమోనన్న అనుమానంతో వస్తారు. తెలంగాణలో అలాంటి కేసులు ఎందుకొస్తాయో వేరే చెప్పాలా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దగ్గర కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. దేశంలో మనమే ఫస్టు. ఆంధ్రాలో 42.4. వాళ్లకి మేం చూసేది మాయ ఎక్కడుంది, గోడలోకి ఎంత లోతుకు దిగింది అన్నది మాత్రమే. రక్తం ఎంత పారుతోందని ఏ డాక్టరూ రాయలేదు, మేమూ కొలవలేదు. మీకు చేసేది రీసెర్చ్ స్కాన్.

అమ్మమ్మ_డైరీ (రాత్రి 10:05)
చిత్రావతీ, నేను ముప్పయ్యేళ్లు ఏఎన్‌ఎమ్‌గా చేసి రిటైరైన దాన్ని. మీ అమ్మ భయపడటంలో తప్పు లేదు, మా వయసు అలాంటిది. కానీ మాయ సంగతి చెప్తా విను. కాన్పు కాగానే మాయ పడితే దాన్ని ట్రేలో పరిచి, నెత్తురు కడిగి, తల్లి వైపు తిప్పి చూసేవాళ్లం. అరచేతుల్లో పట్టుకుంటే దోసిలి నిండా ఉండేది, అరకిలో బరువు. పదిహేను ఇరవై ముద్దలు పలకలు పలకలుగా అతుక్కుని ఉండేవి. ఒక్క ముద్ద తగ్గినా లోపల ఉండిపోయిందని, నెత్తురు ఆగదని గుండె దడదడలాడేది.

బీపీ వచ్చిన తల్లుల మాయ చేతికే తెలిసేది. చిన్నగా ఉండేది, అక్కడక్కడ తెల్లగా గట్టిపడిన ముక్కలు తగిలేవి. అక్కడికి రక్తం అందక ఎండిపోయిందన్నమాట. పిల్ల ఎందుకు బక్కగా పుట్టిందో అప్పుడు అర్థమయ్యేది. అప్పటికి అర్థమై ఏం లాభం! ఆ ముక్కల్ని పిల్ల కడుపులో ఉండగానే చూస్తామంటున్నారు కదా, నా మటుకు నేనైతే వెళ్తాను.

శివారు_ఆయకట్టు (రాత్రి 10:31)
మెడికల్ కాదు, సివిల్ ఇంజనీర్‌ని. మా ఆవిడ కాన్పప్పుడు డాప్లర్ గురించి అడిగి అడిగి ఆ డాక్టరమ్మకి విసుగు తెప్పించాను. నాకు అర్థమైంది చెప్తాను, తప్పయితే దిద్దండి.

మాది నాగాయలంక వైపు. కృష్ణా డెల్టాకి కొసన ఉంటాం. ప్రకాశం బ్యారేజీ దగ్గర గేజీ చూస్తే నీళ్లు బ్రహ్మాండంగా వదిలినట్టే ఉంటుంది. మా మడికి మాత్రం తడి అందదు. డాప్లర్ అంటే కాలువ మీద గేజీ. నీళ్లు ఎంత వేగంతో పోతున్నాయి, ఎక్కడైనా ఆగుతున్నాయా అన్నది చెప్తుంది. ఏ మడి తడిసింది, ఏ మడి బీటలు తీసింది అన్నది గేజీ చెప్పదు. దానికి పొలం గట్టెక్కి చూడాల్సిందే. ఈ ఎమ్మారై గట్టెక్కి చూడటం అనుకుంటున్నాను.

డా.తులసి (రాత్రి 11:20)
శివారు గారి పోలిక బాగుంది. కాస్త సవరిస్తాను. నేను కోస్తాలో గైనకాలజిస్టుని.

తల్లి వైపు రక్తం మాయ లోపల సన్న నాళాల గుండా పారదు. గర్భసంచి గోడలో మెలికలు తిరిగిన చిన్న ధమనులు ఉంటాయి, వాటి నోళ్లు తెరుచుకుని రక్తం నేరుగా ఒక మడుగులోకి పడుతుంది. బిడ్డ వైపు నుంచి వచ్చిన వేర్లలాంటివి ఆ మడుగులో మునిగి ఉంటాయి. తల్లి రక్తం, బిడ్డ రక్తం కలవవు. మధ్య పల్చటి పొర. నెలలు నిండేసరికి గర్భసంచికి నిమిషానికి అరలీటరు పైనే రక్తం వెళ్తుంది.

గర్భం మొదటి సగంలో ఆ ధమనుల నోళ్లు గరాటు మూతిలా వెడల్పు కావాలి. అయితేనే రక్తం నెమ్మదిగా నిండుతుంది. కాకపోతే ఇరుకు తూములోంచి దూకినట్టు ఉరవడిగా పడి వేర్లనే దెబ్బతీస్తుంది. ప్రీఎక్లాంప్సియాకి (గర్భంలో బీపీ పెరిగే జబ్బు), బిడ్డ ఎదుగుదల తగ్గడానికి చాలాసార్లు మూలం ఇక్కడే ఉంటుంది. పెద్దవాళ్లు గుర్రపువాతం అని హడలిపోయే ఫిట్స్‌కీ బీజం ఇదే.

డాప్లర్ ఇబ్బంది ఏమిటంటే, అది బొడ్డుతాడు ధమనిలోనూ గర్భసంచి ధమనిలోనూ అలల ఆకారం చూసి లోపల అడ్డు ఎంతో ఊహిస్తుంది. బిడ్డ వైపు నాళాలు మూడో వంతు దాకా పాడైతే గానీ బొడ్డుతాడు డాప్లర్‌లో తేడా తెలియదని మాకు పాఠం చెప్తారు. నెలలు నిండుతున్నప్పుడు డాప్లర్ మామూలుగా ఉండి బిడ్డ మాత్రం ఎదగని కేసులు నేనే చూశాను. అలాగని డాప్లర్‌ని తీసిపారేయకండి. ఈ రోజుకీ నేను కాన్పు ఎప్పుడు చేయాలో తేల్చుకునేది దాన్నీ, బిడ్డ ఎదుగుదలనీ చూసే.

ఎదురు_ప్రశ్న (ఉదయం 6:02)
అంతా బానే ఉంది. రక్తం తక్కువని తేలిందనుకుందాం. పెంచే మందు ఉందా? లేనప్పుడు కొలిచి ఏం చేసుకుంటాం? ఒక టెన్షన్ చాలక ఇంకోటి.

డా.తులసి (ఉదయం 7:45)
న్యాయమైన ప్రశ్న. లేదు. రక్తనాళాల్ని వదులుచేసే సిల్డెనఫిల్ అనే మందు ఇస్తే రక్తప్రసరణ పెరుగుతుందని చాలా ఆశపడ్డారు. నెదర్లాండ్స్‌లో ఆ ట్రయల్‌ని 2018లో మధ్యలోనే ఆపేశారు, పుట్టిన పిల్లల్లో ఊపిరితిత్తుల సమస్యలు, మరణాలు కనిపించాయి. ఆ దెబ్బతో అందరం జాగ్రత్తపడ్డాం.

కానీ ఒకటి ఆలోచించండి. మందు పనిచేస్తోందో లేదో తెలుసుకోవాలంటే, ఇచ్చాక మాయలో రక్తం పెరిగిందా అని చూడగలగాలి కదా. కొలబద్ద లేకుండా బిడ్డ పుట్టేదాకా ఆగి చూస్తే ఆ ట్రయల్‌కి పట్టిన గతే. చిత్రావతి గారికి ఈ స్కాన్ వల్ల నేరుగా లాభం ఏమీ ఉండకపోవచ్చు. వెళ్లేముందు అది తెలిసి వెళ్లాలి.

కె_స్పేస్ (ఉదయం 8:30)
రాత్రి చదివి పొద్దున రాస్తున్నాను. ఎమ్మారై ఫిజిక్స్ నా పని, ఉండేది బోస్టన్ దగ్గర. ఇంజెక్షన్ లేకుండా రక్తాన్ని ఎలా కొలుస్తారన్నది చాలామంది అడిగే ప్రశ్న. మూడు నాలుగు దారులున్నాయి, నాకిష్టమైన దాని గురించే ఎక్కువ చెప్తాను, ఏమనుకోవద్దు.

దాని పేరు ఆర్టీరియల్ స్పిన్ లేబులింగ్. రక్తంలో ఎక్కువ భాగం నీరే. ఆ నీటిలోని హైడ్రోజన్ కేంద్రకాలు చిన్న అయస్కాంతాల్లాంటివి. మాయలోకి రాబోయే రక్తం మీద ఒక రేడియో పల్స్ వేసి వాటిని తలకిందులు చేస్తాం. కాలువలో పసుపు కలిపినట్టు అనుకోండి. సెకనో సెకనున్నరో ఆగి బొమ్మ తీస్తాం. తర్వాత పసుపు కలపకుండా ఇంకో బొమ్మ. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే మిగిలేది కొత్తగా వచ్చి చేరిన రక్తం. నూరు గ్రాముల కండకి నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లు అని లెక్క వస్తుంది.

చెప్పినంత తేలిక కాదు. ఆ గుర్తు ఒకటి రెండు సెకన్లలో చెరిగిపోతుంది. తేడా చాలా చిన్నది, తీసివేతలో మిగిలేది కొసరంత. అందుకే పదుల సార్లు తీసి సగటు కడతాం. తల ఎమ్మారైలో మెడ దగ్గర నాలుగు నాళాలు ఉంటాయి, అక్కడ గుర్తు వేస్తే సరిపోతుంది. మాయకి గర్భసంచి ధమనులు రెండు వైపుల నుంచి వస్తాయి, అండాశయం వైపు నుంచీ కొంత వస్తుంది, ఒక చోట నిలబడి గుర్తు వేద్దామంటే కుదరదు. పైగా తల్లి ఊపిరి పీలుస్తుంది, బిడ్డ తంతుంది, మాయ కదులుతుంది. మొదటి బొమ్మలో ఉన్న చోట రెండో బొమ్మలో లేకపోతే తీసివేత మొత్తం చెత్త. మా గ్రూపులో ఈ కదలికల్ని సరిదిద్దే ప్రోగ్రామ్ రాయడానికే జనం ఏళ్లకేళ్లు కూర్చున్నారు.

రెండోది బోల్డ్. 1990లో సెయిజి ఒగావా చూపించింది. ఆక్సిజన్ వదిలేసిన హీమోగ్లోబిన్ తన చుట్టూ అయస్కాంత క్షేత్రాన్ని కాస్త చెదరగొడుతుంది, బొమ్మ అక్కడ మసకబారుతుంది. ఇది రక్తం ఎంతుందో చెప్పదు, ఆక్సిజన్ సంగతి చెప్తుంది. కొన్ని స్టడీల్లో తల్లికి మాస్కు పెట్టి ఆక్సిజన్ ఇస్తారు. బాగున్న మాయ చకచకా వెలుగుతుంది. దెబ్బతిన్నది ఆలస్యంగా వెలుగుతుంది, లేదా కొన్ని ముక్కలు అసలు వెలగవు. ఒకే మాయ పంచుకున్న కవలల్లో ఒకరు బాగా ఎదిగి ఒకరు చిన్నగా ఉన్నప్పుడు ఇక్కడి వాళ్లు ఇలా కొలిచారు, 2017లో అచ్చయింది. తల్లి ఒక్కరే, పీల్చే గాలి ఒక్కటే, ఆ పక్క వెలిగింది ఈ పక్క వెలగలేదు అంటే ఇక సాకులేం ఉంటాయి?

ఫేజ్ కాంట్రాస్ట్ అని ఇంకోటుంది. పెద్ద నాళాల్లో వేగం కొలుస్తుంది, శివారు గారి గేజీ లాంటిదే కానీ క్యూసెక్కుల్లో చెప్తుంది. దానికి బిడ్డ గుండె లయ తెలియాలి, తల్లి పొట్ట మీంచి అది పట్టుకోవడం పెద్ద తంటా.

శివారు_ఆయకట్టు (ఉదయం 9:12)
కాలువలో పసుపు! కె_స్పేస్ గారూ, మా వైపు గండి ఎటు పడిందో తెలియకపోతే ఊక పోసి చూసేవాళ్లం. మీది అదే ఇంజనీరింగ్.

చిన్ని_వాళ్ళమ్మ (ఉదయం 10:50)
నా అనుభవం ఒకటి చెప్పాలి, ఎవరికైనా పనికొస్తుంది. రెండో కాన్పులో మాయ కిందికి ఉందని, పాత కుట్టు మీద ఉందని ఎమ్మారైకి రాశారు. ఊరు, సెంటరు పేరు చెప్పను. రిసెప్షన్‌లో బిల్లు కొట్టినమ్మాయి "విత్ కాంట్రాస్ట్" అని కొట్టేసింది, అంటే బొమ్మ స్పష్టంగా రావడానికి నరంలోకి మందు ఎక్కించి తీయడం. లోపల నర్సు చేతికి క్యాన్యులా కూడా పెట్టేసింది. నైటీ మీద శాలువా కప్పుకుని కూర్చున్నా, పొట్ట కనపడలేదేమో. మందు ఎక్కించే ముందు ఒకతను "ఎన్నో నెలమ్మా" అని అడిగి నాలిక కరుచుకుని క్యాన్యులా తీసేశాడు. అడక్కపోయుంటే? ఇంటికొచ్చి నెట్‌లో చదివి రెండు రోజులు నిద్రపోలేదు.

కె_స్పేస్ (ఉదయం 11:05)
ఆ అబ్బాయి మంచి పని చేశాడు. ఆ మందులో ఉండేది గెడోలినియం. అది మాయ దాటి బిడ్డలోకి వెళ్తుంది. బిడ్డ మూత్రంతో ఉమ్మనీటిలో కలుస్తుంది, బిడ్డ ఆ ఉమ్మనీరే మళ్లీ మింగుతుంది. కెనడాలోని అంటారియోలో 14 లక్షల పైచిలుకు కాన్పుల రికార్డులు చూసి 2016లో ఒక పేపర్ వేశారు. మందు లేని ఎమ్మారై మొదటి మూడు నెలల్లో జరిగినా బిడ్డకి అదనపు ముప్పు కనపడలేదు. గెడోలినియం ఇచ్చిన చోట మృతశిశువులు, పుట్టగానే పోయిన పిల్లలు, చర్మానికీ కీళ్లకీ సంబంధించిన వాపు జబ్బులు ఎక్కువగా కనిపించాయి. అందుకే తప్పనిసరి అయితే తప్ప గర్భిణులకి ఇవ్వరు. చిత్రావతి గారికి వచ్చిన ఉత్తరంలో ఇంజెక్షన్ లేదని రాయడం అందుకే.

ఫిల్మ్‌రూమ్ (మధ్యాహ్నం 1:30)
చిన్ని వాళ్ళమ్మ గారూ, మా ఫీల్డు తరఫున సారీ. రూల్ ఏంటంటే లోపలికి అడుగుపెట్టే ప్రతి ఆడమనిషినీ అడగాలి. రద్దీ రోజుల్లో ఫారం మీద టిక్కులు పెట్టేసి పంపే చోట్లు ఉన్నాయి, దాచడం ఎందుకు. ఇంకో మాట, కొంతమంది "ఎమ్మారైలో ఆడో మగో చెప్పరా" అని చెవిలో అడుగుతారు. పీసీపీఎన్‌డీటీ చట్టం (లింగనిర్ధారణ నిషేధ చట్టం) అల్ట్రాసౌండ్‌కే కాదు, బిడ్డ ఆడో మగో తేల్చగల ఏ ఇమేజింగ్ మెషిన్‌కైనా వర్తిస్తుంది. అడగొద్దు ప్లీజ్, మా లైసెన్సు పోతుంది.

రెండో_కాన్పు (సాయంత్రం 4:18)
చిత్రావతీ, ఇలాంటి స్టడీకే నేను మూడేళ్ల కిందట వెళ్లాను, వేరే ఊళ్లో. సైన్స్ వాళ్లు చెప్పారు కదా, నేను నగల గురించి చెప్తా.

ఒంటి మీద లోహం ఏదీ ఉండకూడదు. గాజులు, పిన్నులు, బ్లౌజ్ హుక్కులు, నల్లపూసలు, మెట్టెలు, సూత్రాలు అన్నీ తీయాలి. మెట్టెలు వేళ్లు ఉబ్బి రాలేదు, సబ్బు రాసి లాగాం. సూత్రాల దగ్గర మా అత్తగారు వీడియో కాల్‌లో ఏడుపొక్కటే తక్కువ. చివరికి ఆవిడే, పసుపుకొమ్ము పసుపుతాడుకి కట్టి మెళ్లో వేసుకోమన్నారు. ఆ తాడు చూసి అక్కడి రేడియోగ్రాఫర్ అమ్మాయి ముందు అనుమానంగా చూసింది, అయస్కాంతం ముక్క ఆనించి చూసి నవ్వి వదిలేసింది.

పడుకోవడం వెల్లకిలా కాదు, ఎడమ పక్కకి ఒత్తిగిలి. వెల్లకిలా పడుకుంటే గర్భసంచి బరువు వెనక ఉన్న పెద్ద సిర మీద పడి కళ్లు తిరుగుతాయి, బీపీ పడిపోతుంది. మోకాళ్ల మధ్య దిండు, నడుము కింద దిండు. పొట్ట మీద ప్లాస్టిక్ బొంతలాంటిది కప్పారు. చెవిలో దూది కాదు, స్పాంజి బిరడాలు, దాని మీద హెడ్‌ఫోన్. చేతిలో రబ్బరు బుడ్డి, నొక్కితే ఆపేస్తారు. చప్పుడంటారా, వడ్రంగి ఒకడు తల పక్కన పని పెట్టుకున్నట్టు ఉంటుంది. బాబు మొదటి పది నిమిషాలు ఎగిరెగిరి తన్నాడు, తర్వాత పడుకున్నాడు.

ఖాళీ కడుపుతో వెళ్లకు. టాయిలెట్‌కి వెళ్లి మరీ ఎక్కు. నేను నలభై నిమిషాలకే బుడ్డి నొక్కాను, ఎందుకో చెప్పక్కర్లేదు కదా.

ఎదురు_ప్రశ్న (సాయంత్రం 5:00)
రిపోర్టు ఇచ్చారా?

రెండో_కాన్పు (సాయంత్రం 5:21)
లేదు. ఒక బొమ్మ ప్రింటు తీసి ఇచ్చారు, బాబు పక్క మొహం. అంకె అడిగితే చెప్పలేదు. పెద్ద లోపం ఏదైనా కంటపడితే మా డాక్టరుకి చెప్తామని మాత్రం ముందే సంతకం పెట్టించుకున్నారు.

కె_స్పేస్ (సాయంత్రం 6:40)
అంకె చెప్పకపోవడం దాపరికం కాదండీ. ఈ మెషిన్ అంకెకీ ఆ మెషిన్ అంకెకీ పొంతన ఇంకా కుదరలేదు. 1.5 టెస్లాలో (టెస్లా అంటే అయస్కాంతం బలానికి కొలమానం) వచ్చిన బోల్డ్ విలువ 3 టెస్లాలో రాదు. వారాలు పెరిగేకొద్దీ ఆరోగ్యంగా ఉన్న మాయలోనూ అది తగ్గుతుంది. 28వ వారానికి ఇంత ఉండాలి, ఇంతకంటే తగ్గితే ప్రమాదం అని గీత గీయాలంటే వేలమంది కావాలి, ఒక్కో స్టడీలో ఉండేది పదులు, మహా అయితే వందలు. అమెరికా ప్రభుత్వం 2014లో హ్యూమన్ ప్లాసెంటా ప్రాజెక్ట్ మొదలుపెట్టింది కూడా ఇలాంటి కొలతల కోసమే.

చిత్రావతి గారు ఉన్న దేశానికి ఇందులో పెద్ద చరిత్రే ఉంది. నాటింగ్‌హామ్‌లో పీటర్ మాన్స్‌ఫీల్డ్ రెప్పపాటులో బొమ్మ తీసే పద్ధతి కనిపెట్టాడు, 2003లో నోబెల్ వచ్చింది. బిడ్డ కదిలేలోగా బొమ్మ తీయాలంటే అలాంటిదే కావాలి. అక్కడివాళ్లే 1998లో కేవలం 0.5 టెస్లా మెషిన్‌తో మాయలో రక్తప్రసరణ కొలిచి పేపర్ వేశారు. ఇప్పుడు మన జిల్లా కేంద్రాల్లో ఉన్న మెషిన్లకే దానికి మూడింతల బలం ఉంటుంది. మెషిన్ కొరత కాదు మనది.

ఫిల్మ్‌రూమ్ (రాత్రి 7:10)
టైమ్ కొరత సార్. మాకు పేషెంట్‌కి ఇరవై నిమిషాలు. గంట సేపు ఒకరినే పెడితే బయట కుర్చీలు విరగ్గొడతారు.

చిత్రావతి (పన్నెండు రోజుల తర్వాత, రాత్రి 8:55)
వెళ్లొచ్చాను! అందరికీ ఒక్కొక్కరికీ థాంక్స్. పసుపుతాడు ఐడియా అమ్మకి చెప్తే అప్పుడు మెత్తబడింది. కొమ్ము దొరక్క ఇక్కడి ఇండియన్ షాపులన్నీ తిరిగాం, చివరికి ఒక గుజరాతీ పెద్దాయన దగ్గర దొరికింది.

యాభై నిమిషాలు పట్టింది. బుడ్డి నొక్కలేదు. అయ్యాక అక్కడి సైంటిస్టు ఒకావిడ నన్ను స్క్రీన్ దగ్గరికి పిలిచి చిన్న వీడియో చూపించింది. పది నిమిషాల్లో తీసిన బొమ్మలన్నీ కలిపి గబగబా తిప్పితే మాయ కొంచెం ముడుచుకుని మళ్లీ విచ్చుకుంటోంది. దాని వెనక గోడ కూడా దాంతోపాటు ముడుచుకుంది, గర్భసంచి మిగతా భాగం మాత్రం అలాగే ఉంది. నొప్పులా అని గాభరాపడ్డాను. కాదట, నాకు తెలిసి ఉండదట. మాయ తనంతట తానే అప్పుడప్పుడు పిండినట్టు చేసి లోపలి రక్తాన్ని బయటికి తోస్తుందట. ఈ సంగతిని ఎమ్మారైలో చూసి నాటింగ్‌హామ్ వాళ్లు 2020లో రాశారని చెప్పింది. నాకు నిజంగానే ఏమీ తెలియలేదు, అప్పుడు నేను పప్పులో తాలింపు మాడిందా లేదా అని ఆలోచిస్తున్నా.

అంకె అడిగాను. నవ్వి, ఇవ్వలేమంది. తెలిసి వెళ్లినా, అడగకుండా ఉండలేకపోయాను.

కె_స్పేస్ (రాత్రి 9:20)
అదృష్టవంతులు. ఆ ముడుచుకోవడం ప్రతి స్కాన్‌లోనూ దొరకదు. మాకు మాత్రం అది తలనొప్పి కూడా. సరిగ్గా ఆ సమయంలో కొలిస్తే రక్తం తక్కువ చూపిస్తుంది, జబ్బేమో అనుకుంటాం. అందుకే అంతసేపు పడుకోబెట్టేది.

డా.తులసి (రాత్రి 9:48)
సంతోషం. గ్రోత్ స్కాన్ ఎప్పుడు? అది మానకండి. ఎమ్మారైకి వెళ్లొచ్చాం కదా అని బీపీ చూసుకోవడం తగ్గించొద్దు. తలనొప్పి, కళ్లు మసకలు, డొక్కలో కుడి వైపు నొప్పి, బిడ్డ కదలికలు తగ్గడం, వీటిలో ఏదొచ్చినా ఇక్కడ పోస్టు పెట్టి జవాబు కోసం చూడకుండా ఆసుపత్రికి వెళ్లండి.

చిత్రావతి (రాత్రి 10:02)
గురువారం ఉంది డాక్టర్ గారూ. తప్పకుండా.

అమ్మమ్మ_డైరీ (రాత్రి 10:15)
బంగారం, కాన్పు అయ్యాక మాయ ఒకసారి చూపించమని అడుగు. ముద్దలు లెక్కపెట్టి నాకు చెప్పు.

చిత్రావతి (రాత్రి 10:19)
అమ్మమ్మగారూ, అది కూడా వాళ్లకే! పుట్టగానే మాయ తీసుకెళ్లి ముక్కలు కోసి మైక్రోస్కోపులో చూస్తారట, ఎమ్మారైలో మసకగా ఉన్న చోటు నిజంగా పాడైందో లేదో సరిపోల్చుకోడానికి. సంతకం పెట్టేశాను.

అమ్మమ్మ_డైరీ (రాత్రి 10:26)
మీ అమ్మకి చెప్పావా ఈ మాట? మా ఊళ్లో మాయని పెరట్లో లోతుగా గొయ్యి తీసి, కుక్కలు తవ్వకుండా పైన రాయి పెట్టి పాతేవాళ్లు. సరేలే, నేను ఫోన్ చేసి చెప్తాను, నంబరు మెసేజ్‌లో పెట్టు.